లైటు బాగయ్యాకే తాళం

ఆదివారం పొద్దున గడియారాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. బావమరిది స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లాలి, పాత మోటారుసైకిలుకి మంచి హెడ్‌లైటు కొనాలి, భోజనాల వేళకి బిగించాలి, సాయంత్రం బండి తాళం కూతురి చేతిలో పెట్టాలి. ఇందులో కొంప మునిగేదేముందని ఎవరైనా అనుకుంటారు. ఆయనా అలాగే అనుకున్నాడు.

కూతురికి సోమవారం నుంచి ఊరి చివర పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం, సాయంత్రం డ్యూటీ. చీకటి పడ్డాక అటు బస్సులు తిరగవు కాబట్టి సొంత బండి ఉంటేనే చేరమన్నారు. ఇంట్లో పిల్లి కాలికి గుడ్డపీలికతో కట్టు కట్టిన వయసు నుంచీ ఆ పిల్ల కోరుకున్న ఉద్యోగం అది. "బండి ఇస్తానమ్మా, నాదీ పూచీ" అని తండ్రి మాటిచ్చాడు. ఇచ్చాక హారన్ బాగాలేదన్నాడు. హారన్ మార్చాక బ్రేకులన్నాడు. బ్రేకులయ్యాక టైర్లన్నాడు. ఇక వంక పెట్టడానికి లైటొక్కటే మిగిలింది. "లైటు బాగయ్యాకే తాళం" అన్నాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయన చెడ్డవాడు కాదు. రోజంతా కంటికి భూతద్దం తగిలించుకుని, బల్లదీపం కింద చేతిగడియారాలు బాగుచేసే మనిషి. వెలుతురు చాలినంత ఉంటే లోకంలో ఏ లోపమైనా దొరికిపోతుందని నమ్మకం. ఒక్క లోపం మాత్రం దొరకలేదు. తన గడియారాల దుకాణం వీధి మొదట్లోనే కాబట్టి ఆయన నడిచే వెళ్తాడు, బండి ఆదివారం తప్ప బయటికి తీయడు. అయినా ట్యాంకులో పెట్రోలు తగ్గిపోతోంది. బావమరిది కుళాయి మార్చాడు, గొట్టం మార్చాడు. పెట్రోలు తగ్గుతూనే ఉంది.

"తెల్ల లైటు తీసుకో బావా. పట్టపగల్లా ఉంటుంది" అన్నాడు బావమరిది, తన స్పేర్ పార్టుల దుకాణంలో.

"మరి వానలో?"

"వానలో పసుపు నయం."

"అయితే పసుపే ఇవ్వు."

"పసుపు బ్యాటరీని తాగేస్తుంది మరి."

"ఒరేయ్, నువ్వు అమ్ముతున్నావా, భయపెడుతున్నావా?"

"భయం నువ్వు ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకున్నావు బావా. నేను సరుకు చూపిస్తున్నానంతే."

గడియారాలాయన రెండూ తీసుకున్నాడు. బండికున్న పాత లైటు ఊడదీయించి, పారేయమని చెప్పి వచ్చాడు.

ఏ లైటు మంచిదో తేలాలంటే చీకటి కావాలి. బయట ఎండ మండిపోతోంది. ఆయన బండిని మెల్లగా హాల్లోకి తోసుకొచ్చాడు, సోఫా పక్కకి జరిపాడు, కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టాడు. కూతుర్ని బయట మెట్ల మీద కూర్చోమన్నాడు, అయ్యాక పిలుస్తానని.

"ఇది ఇల్లా, మెకానిక్ షెడ్డా?" అంది భార్య.

"ఒక్క గంటలో అయిపోతుంది."

"మీ గంట సంగతి నాకు తెలియదూ? మన గోడగడియారం ఆగి ఏడాదైంది."

తెల్ల లైటు వెలిగింది. గోడ మీద పడాల్సిన వెలుగు తెరిచి ఉన్న తలుపులోంచి తిన్నగా పక్కగదిలోకి పోయింది. అక్కడ ఆయన తల్లి కునుకు తీస్తోంది. పెద్దావిడ కళ్లు తెరిస్తే ఎటు చూసినా తెల్లటి కాంతి. ఆమె ఏమీ కంగారుపడలేదు. లేచి కూర్చుని చేతులు జోడించింది.

"వచ్చారా నాయనా. ఒక్క నిమిషం ఆగండి, పళ్లసెట్టు పెట్టుకుని వస్తాను."

"అమ్మా, నేనే!"

"నువ్వూ వచ్చేశావుట్రా? పిల్లకింకా తాళం ఇవ్వలేదుగా!"

ఆమెకి మంచినీళ్లిచ్చి, బతికే ఉన్నావని నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. తెలుపు తీసి సోఫా మీద పెట్టి, పసుపు బిగించాడు. అది బంగారంలా వెలిగింది, కాసేపటికే నీరసపడింది. బ్యాటరీ అయిపోతోంది. ఇంజన్ నడిస్తే ఛార్జింగ్ ఎక్కుతుందని గుర్తొచ్చింది. కిటికీలకి దుప్పట్లున్నాయని గుర్తు రాలేదు. హాల్లోనే కిక్కు కొట్టాడు.

లైటు భగ్గుమంది. దాంతోపాటు పొగ కూడా ఇల్లంతా కమ్మేసింది. భార్య ముక్కు మూసుకుని పెరట్లోకి పరిగెత్తింది. పక్కగదిలోంచి పెద్దావిడ గొంతు వినిపించింది.

"ఒరేయ్, ఇప్పుడు పొగ కూడా వస్తోంది. ఇంతకీ నేను వెళ్లేది పైకా, కిందికా?"

సరిగ్గా అప్పుడే ఎదురింటి లెక్కల మాస్టారు నిద్రలేచి బయటికి చూశాడు. దుప్పట్ల అంచుల్లోంచి పసుపుపచ్చటి వెలుగు, పొగ. ఆయన లెక్క ఆయన వేసుకున్నాడు. "మంటలు! మంటలు!" అని అరుస్తూ బకెట్ ఎత్తుకొచ్చి, కిటికీ దుప్పటి లాగి, నీళ్లన్నీ ఒక్క విసురుతో లోపలికి కొట్టాడు. కాలిపోతున్న లైటు మీద చన్నీళ్లు పడేసరికి అద్దం టప్పుమని పగిలింది. తీగలు చిటపటలాడి మాడిపోయాయి, ఇంజన్ ఆగిపోయింది.

"ఆరిందా?" అన్నాడు మాస్టారు ఆయాసపడుతూ.

"ఆరింది మాస్టారూ. పూర్తిగా ఆరింది."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. గడియారాలాయన తడిసిన సోఫా అంచున కూలబడ్డాడు. తలుపు తోసుకుని కూతురు లోపలికొచ్చింది. బండిని చూసింది, తండ్రిని చూసింది.

"నాన్నా, వద్దనుకుంటే వద్దని చెప్పెయ్. చేరనని రేపు నేనే చెప్పేస్తాను. పాపం, బండినెందుకు హింసిస్తావు?"

ఆ గొంతులో కోపం లేదు. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

"వద్దని కాదు తల్లీ. భయం. ఆ చీకట్లో నువ్వొక్కదానివే వస్తుంటావని తలుచుకుంటే ఎంత లైటు పెట్టినా నాకు చాలడం లేదు. అసలు నువ్వు బండి ఎలా నడుపుతావో నాకు తెలియను కూడా తెలియదు. నేర్పడానికీ ధైర్యం చాల్లేదు."

 గొడవ తెలిసి పరిగెత్తుకొచ్చిన బావమరిది గుమ్మంలో నిలబడి, "అక్కా, ఇంక చెప్పెయ్" అన్నాడు.

"ఆర్నెల్లయిందండీ" అంది భార్య. "మీరు దుకాణంలో ఉండగా నా దగ్గర తాళం తీసుకుని అది బండి తీస్తుంది, నేను వెనక కూర్చుంటాను. రోజూ చీకటిపడే వేళకి ఆ ఆసుపత్రి దాకా వెళ్లొస్తున్నాం. లైసెన్సు కూడా వచ్చింది."

"నన్ను కళ్లడాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్లారనుకున్నావు?" అంది పెద్దావిడ. "గతుకన్నది తెలిస్తే ఒట్టు!"

"మరి ఆ పెట్రోలు..."

బావమరిది నేలచూపులు చూశాడు. "కుళాయి ఊరికే మార్చాను బావా. ఏం చేయను, అక్క మాట."

"దీపం కిందే చీకటి" అంది భార్య మెల్లగా.

ఆయనకి ముందు కోపం వచ్చింది. ఇంటిల్లిపాదీ కలిసి తనని వెర్రివాణ్ణి చేశారనుకున్నాడు. కానీ ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. తను రాత్రింబవళ్లు ఊహించుకుని వణికిన ప్రమాదాలేవీ జరగకుండానే ఆర్నెల్లు గడిచిపోయాయి. తను మాత్రం ఏ ఆసరా లేకుండా ఒక్కడే భయపడ్డాడు. నాకు ముందే చెబితే ఏం పోయేదని అడగబోయి ఆగాడు. చెబితే తను ఏమనేవాడో ఆయనకి బాగా తెలుసు.

బావమరిది సంచిలోంచి పాత లైటు తీశాడు. "పారేయమన్నావు గానీ నీ సంగతి తెలిసి దాచాను."

"తెల్లది ఉందిగా, అది పెట్టొచ్చుగా?" అన్నాడు ఆయన చివరి ఆశతో.

"ఎదురొచ్చేవాళ్ల కళ్లల్లో కొడుతుంది నాన్నా. వాళ్లకి కనబడకపోతే మనకే ప్రమాదం. పాతది చాలు."

తీగలు మార్చి, పాత లైటు బిగించేసరికి సందెవేళైంది. ఆయన మొదటిసారి కూతురి వెనక ఎక్కి, సీటు వెనక కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"మెల్లగా తల్లీ, మెల్లగా."

"నాన్నా, ఇంకా స్టార్టే చేయలేదు."

ఆసుపత్రి దారికి ఆయన వచ్చి ఏళ్లయింది. ఆ రోడ్డు పొడుగునా వీధిదీపాలు వరసగా వెలుగుతున్నాయి.  ఇంటికొచ్చాక కూతురు, రోజూ అమ్మకి తిరిగిచ్చే అలవాటు కొద్దీ, తాళం తీసి చెయ్యి చాచింది. ఆయన ఆ గుప్పిట మూసి, వెనక్కి తోశాడు.

సోమవారం సాయంత్రం దుకాణంలో గడియారాలన్నీ ఆయనకి నెమ్మదిగా నడుస్తున్నట్టే తోచాయి. పెందలాడే ఇంటికొచ్చి, కూతురి కోసం తెల్ల లైటుని గేటు మీద బిగించాడు. ఇప్పుడు రోజూ ఆ పిల్ల వచ్చేదాకా అది వెలుగుతూనే ఉంటుంది. ఎదురింటి మాస్టారే పాపం, కిటికీలకి దుప్పట్లు కట్టుకుని పడుకుంటున్నాడు.