పైకప్పుకు పట్టిన అదృష్టం

తీరాన కునారిల్లుతున్న దొరల కాలపు ఊళ్ళన్నిటినీ ఉద్ధరిస్తానని పర్యాటక మంత్రిగారు పత్రికల్లో ప్రకటించారు. ప్రకటించి ఊరుకునే రకం కాదాయన. మర్నాడే కార్ల బారుతో వేంచేసి, సముద్రానికెదురుగా ఉన్న పాత హోటల్ ముందు దిగారు.

హోటల్ నడిపే ఆవిడ గబగబా ఎదురెళ్ళి దణ్ణం పెట్టింది. దొరలు డాన్సులాడిన హాలు పైకప్పు నిరుటి వానలకే జల్లెడయింది. తక్కిన గదులు ఎప్పుడో కూలాయి గనక, మంచాన పడ్డ అత్తగారు కూడా ఆ హాల్లోనే. ఈ వానల్లోపు కప్పు బాగుపడకపోతే అత్తాకోడళ్ళిద్దరూ వీధిన పడ్డట్టే.

"మంత్రులతో మామూలు తెలుగు పనికిరాదక్కా," అని ప్లీడరు దగ్గర గుమాస్తాగా ఉన్న ఆవిడ తమ్ముడు ముందే నూరిపోశాడు. "'యథాపూర్వ స్థితికి తేవాలి' అను. అంటే మునుపటిలా బాగుచెయ్యమని."

ఆవిడ పొద్దుట్నుంచీ అదే వల్లిస్తోంది. తీరా మంత్రిగారు హాల్లోకొచ్చి, "ఏం కావాలమ్మా నీకు?" అని ఆప్యాయంగా అడిగేసరికి, కెమెరాలన్నీ తనవైపు తిరిగేసరికి, నోరు తడబడింది.

"దీన్ని... యథాతథ స్థితిలో ఉంచాలండీ!"

తమ్ముడు తల పట్టుకున్నాడు. మంత్రిగారు మాత్రం పరవశించిపోయారు. ఖర్చులేని కోరిక కోరే ప్రజలు ఆయనకు అరుదుగా తగులుతారు.

"విన్నారా? ఉన్నదున్నట్టు ఉంచమంటోంది! సంస్కృతి అంటే ఇదీ!"

"అది కాదండీ, పైకప్పు కారుతోంది..."

"కారనీ తల్లీ! ఎవడాపుతాడో నేను చూస్తా!"

చప్పట్లు మోగాయి. మంత్రిగారు అత్తగారిని పరామర్శించి, ఆవిడ మంచం పక్కన ఫొటో దిగి, వారసత్వ సంరక్షణాధికారిని అక్కడికక్కడే నియమించి వెళ్ళిపోయారు.

అధికారి నిప్పులాంటి మనిషి. ఆవిడ గాజులమ్మి తెచ్చుకున్న రేకులు జప్తు చేశాడు. కప్పు మీది టార్పాలిన్ సంస్కృతికి అడ్డొస్తోందని పీకించాడు. తమ్ముడు నిచ్చెన వేసుకుని పైకెక్కితే, పోలీసులు మర్యాదగా దింపి స్టేషన్లో కూర్చోబెట్టారు.

తొలి వాన పడింది. నీళ్ళు సరిగ్గా అత్తగారి మీదికే కారుతున్నాయి. ముసలావిడ తడిసి వణుకుతూంటే కోడలికి ఏడుపొచ్చింది. మంచాన్ని గోడవారకు లాగబోయింది.

"ఆగండాగండి!" అంటూ అధికారి గొడుగేసుకుని హాల్లోకి పరిగెత్తుకొచ్చాడు. "మంత్రిగారు చూసినప్పుడు మంచం ఇక్కడే ఉంది."

"మనిషి చచ్చిపోతుందయ్యా!"

అధికారి జేబులోంచి ఆనాడు పేపర్లో పడ్డ ఫొటో తీశాడు. దాన్నీ ముసలావిడనీ మార్చిమార్చి చూశాడు. మొహం గంభీరంగా పెట్టి మంచం మీదికి వంగాడు.

"మామ్మగారూ, ఇందులో మీరు నవ్వుతున్నారు."