పర్శరాములుకు దొరికిన ప్రత్యుదాహరణ

గజ్వేల్ వాళ్ళు ఇల్లు చూడటానికి వస్తున్న రోజు పొద్దున్నే మల్లేశం కొడుక్కు తన పథకం చెప్పాడు. "అరుగు మీద కూసో. నోరు తెరవకు."

పర్శరాములు సరేనన్నాడు. ఆ ఇంటి పిల్ల ప్రమీలను ఒక పెళ్ళిలో చూసినప్పటినుంచి అతనికి అన్నం సయించడం లేదు. ఈ సంబంధం తప్పిపోతే తట్టుకోలేడు.

చిక్కల్లా హైదరాబాదు చదువుతో వచ్చింది. తెగకుండా సాగే ప్రతి గీతకూ ప్రతిచోటా వాలు ఉంటుందని అతను పరీక్షలో రెండు పేజీల రుజువు రాశాడు. పంతులు పెంకుటింటి కప్పు గీసి, "ఈ కొన మీద వాలు ఎటు?" అని అడిగాడు. రెండు పేజీలూ గంగలో కలిశాయి. "ప్రతి, ఎప్పుడూ, అందరూ అని వినబడితే, అట్లా కానిది ఒక్కటి వెతుకు. ఒక్క ప్రత్యుదాహరణ చాలు" అన్నాడు పంతులు. సొంతూరు సిద్దిపేటకు తిరిగొచ్చినా పర్శరాములు ఆ సాధన మానలేదు.

పిల్ల నాయనమ్మ కొండవ్వ బండి దిగి అరుగెక్కింది. సంబంధం ఖాయమైతే గాని వాళ్ళు ఈ ఇంట్లో మంచినీళ్ళు ముట్టరు.

"మా ఇంట్ల అందరు కోడికూతకే లేస్తరవ్వా" అన్నాడు మల్లేశం.

"నువ్వు లేవవు గద బాపూ" అన్నాడు పర్శరాములు.

మల్లేశం దగ్గి సర్దుకున్నాడు. "మా బాయి ఎన్నడు ఎండలె."

"నిరుడు ఎండింది."

మల్లేశం కొడుకును దొడ్లోకి లాక్కుపోయాడు. "నువ్వు నోరు తెరిసినప్పుడల్ల కొంప మునుగుతది. ఒక్కపారన్న మంచైందారా?"

పర్శరాములు చిన్ననాటినుంచి జరిగినవన్నీ మనసులో వెతికి చూశాడు. ఒక్కటీ దొరకలేదు. ప్రమీల ముఖం గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

తిరిగొచ్చేసరికి కొండవ్వ నీళ్ళు అడుగుతోంది. "చాన ఇండ్లు చూసిన మల్లేశం. బాయి ఎండిందని చెప్పినోడు గీ పిలగాడొక్కడే. పిల్లనిస్తం."

పర్శరాములు ఆనందం పట్టలేకపోయాడు. "బాపూ, ఒక్కటి దొరికింది."

కొండవ్వ చెంబు నోటిదాకా తెచ్చి ఆపింది. "ఏం దొరికింది బిడ్డా?"

"నేను నోరు తెరిసినప్పుడల్ల కొంప మునుగుతదన్నడు బాపు. మీ సంబంధంతోని ఆ మాట తప్పయింది."

"ఇంతకుముందు ఒక్కపారి గూడ మంచిగ కాలేదా?"

"లేదవ్వా. ఇదే మొదటిది."

"లగ్గమైనంక గూడ నోరు తెరుస్తడు గద" అని కొండవ్వ చెంబు కింద పెట్టి లేచింది.

మల్లేశం మాటకు దొరికిన ఒకే ఒక్క ప్రత్యుదాహరణ బండెక్కి గజ్వేల్ దారి పట్టింది.