ఒక కోటు, పదకొండు ఫోటోలు

ఆ ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. కోటుకి ఆఖరి ఇత్తడి గుండీ కుట్టడం, ఫోటో తీయడం, హోటల్ మేనేజరుకి పంపడం, టీ తాగడం. మొదటి రెండు పనులూ తొమ్మిదింటికల్లా అయిపోయాయి. చిక్కంతా మూడోదానితోనే వచ్చింది.

మేనేజరు ముందురోజే ఖరాఖండీగా చెప్పాడు. "నేను ఊళ్ళో ఉండను. రేపు పన్నెండింటికి మా యజమానులు కూర్చుంటారు. ఆలోపు కోటు ఫోటో పంపు. నచ్చిందా, పాతికమంది సిబ్బందికీ నువ్వే కుట్టేది. రాలేదా, మీ ఎదురుగా ఉన్న రెడీమేడ్ షాపుకి ఇచ్చేస్తాం. నీ నంబరు నుంచే పంపు. ముక్కూ మొహం తెలీని నంబర్లు నేను తెరవను."

ఆ రెడీమేడ్ షాపు వచ్చినప్పటి నుంచి దర్జీ దగ్గరికి ప్యాంట్ల అంచులు మడవమనేవాళ్ళు తప్ప ఎవరూ రావడం లేదు. ఈ పని కూడా పోతే మిషన్ మీద గుడ్డ కప్పేసి, ఆ షాపులోనే అంచులు మడిచే ఉద్యోగంలో చేరాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆయనకి ఒళ్ళు మండేది.

ఫోన్ మాత్రం "పంపుతున్నాం, ఆగండి" అని చూపిస్తూ సున్నా చుడుతూ కూర్చుంది. ఎంతకీ ఫోటో కదలలేదు. అనుమానం వచ్చి "నమస్కారం సార్" అని పంపాడు. అది క్షణంలో వెళ్ళిపోయింది. "ఓకే" అని జవాబు కూడా వచ్చింది.

"మాట పోతోంది, బొమ్మ పోవట్లేదు! ఇదేం చోద్యమే!" అన్నాడు.

లోపల కూర్చుని కాజాలు కుడుతున్న భార్య, "ఏమైందండీ? నన్ను చూడమంటారా?" అంది.

"నీకు తెలీదులే. ఇది టెక్నాలజీ. మీ తమ్ముణ్ణి పిలుస్తా."

బావమరిది ఫ్యాన్లు బాగుచేస్తాడు. కరెంటుతో నడిచేదేదైనా తన రాజ్యమేనని అతని నమ్మకం. ఫోన్ ఆపాడు, మళ్ళీ వేశాడు, చెవి దగ్గర ఆనించి విన్నాడు. చివరికి ఫోటో చూసి నాలుక కరుచుకున్నాడు.

"బావా, ఇదా నువ్వు తీసిన ఫోటో? ఈకాలపు ఫోన్లు మొహం చూస్తాయి. ఫోటో తీసేటప్పుడు మొహం చుట్టూ ఓ గడి వస్తుందా, లేదా?"

"వస్తుంది."

"మరి ఇక్కడేది మొహం? కోటు హ్యాంగరుకి వేలాడుతోంది. తల లేని మొండెం! ఫోన్ బెదిరిపోదూ?"

దర్జీకి ఇది వింతగానే తోచింది. కానీ గడి రావడం మాత్రం నిజం కదా! కోటు తానే తొడుక్కుని నిలబడ్డాడు. గడి వచ్చింది, ఫోటో మాత్రం పోలేదు. "నీ మొహంలో కంగారుంది బావా, కోటు విప్పు," అని బావమరిది తను తొడుక్కున్నాడు. చేతులు రెండూ కోటులో మాయమైపోయాయి. అదీ పోలేదు.

"మా మొహాలు నచ్చలేదేమో దీనికి," అన్నాడు దర్జీ. అప్పటికే మతి సగం పోయింది.

పక్క కొట్టు మంగలిని లాక్కొచ్చారు. అతనికి గుండీలు పట్టలేదు. అతని వెనకే, సగం గడ్డం నురగతో, "నన్ను మధ్యలో వదిలేసి పోతావేంటయ్యా?" అంటూ ఒకాయన వచ్చాడు. ఆయనకీ తొడిగారు. పేపరు వేసేవాడు, తాళాలు బాగుచేసేవాడు, ప్యాంటు కోసం వచ్చి ఇరుక్కుపోయిన బ్యాంకు గుమాస్తా... దారిన పోయేవాళ్ళంతా ఎందుకో తెలియకుండానే వరసలో నిలబడ్డారు. ఒకరు ఉచితంగా ఇస్తున్నారనుకున్నారు. ఇంకొకరు పోలీసులు దొంగని వెతుకుతున్నారనుకుని, "నేను నిన్న ఊళ్ళోనే లేను సార్," అని ముందే చెప్పేశారు. పది మొహాలైనా ఫోన్ మాత్రం సున్నాలే చుడుతోంది.

పన్నెండుకి పది నిమిషాలుంది. దర్జీ గడప మీద చతికిలబడ్డాడు. "అయిపోయిందిరా! రేపట్నుంచి ఎదురుకొట్లో అంచులు మడవాల్సిందే," అన్నాడు.

ఆ మాట విని భార్య సూది పక్కన పెట్టి బయటికొచ్చింది. ఫోన్ చేతిలోకి తీసుకుని ఒక్కచోట నొక్కింది.

"నెట్టు ఆపేసి ఉంది. నిన్న నేనే ఆపేశా. వీడియోలు చూస్తూ కుట్టి, ఆ గుమాస్తా గారి ప్యాంటుకి జేబు మూసేశారుగా. మామూలు మెసేజీలకి నెట్టు అక్కర్లేదు, ఫోటోలకి కావాలి."

"పొద్దున్నే చెప్పొచ్చుగా!"

"నాకు తెలీదన్నారుగా!"

అప్పటిదాకా ఆగిన పదకొండు ఫోటోలూ టకటకా వెళ్ళిపోయాయి. దర్జీ ఆపబోయేసరికి ఆఖరిది కూడా చేరిపోయింది. "వద్దొద్దు! ఆ నురగ మొహం కూడా పోయిందా?" అని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. పన్నెండున్నరకి ఫోన్ మోగింది. బావమరిది స్పీకరు పెట్టాడు.

"ఏమయ్యా! ఒక్కటి కుట్టమంటే పదకొండు కుట్టేశావా? పైగా మనుషులకి తొడిగి మరీ పంపావు! మా యజమానులు తెగ మెచ్చుకున్నారు. ఆర్డరు నీదే పో!"

దర్జీ కళ్ళు చెమర్చాయి.

"కానీ పనితనమే కొంచెం అటూ ఇటూగా ఉంది," అన్నాడు మేనేజరు. "ఒకదానికి చేతులు మరీ పొడుగు. ఒకదానికి గుండీలు పట్టట్లేదు. నురగ పూసుకున్నాయనదీ, హ్యాంగరుదీ మాత్రం అచ్చుగుద్దినట్టున్నాయి. మిగతా తొమ్మిదీ సరిచేసి ఎల్లుండికి పంపెయ్. కొలతలు మనుషుల్ని బట్టి చూసుకో."

ఫోన్ పెట్టేశాడు. దర్జీ ఉన్న ఒక్క కోటు వైపూ, భార్య వైపూ మార్చి మార్చి చూశాడు.

"ఏమే, అసలు కుట్టనే కుట్టనివాటిని ఎలా సరిచేస్తామే?"

ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తూ తలెత్తకుండానే అంది: "కుట్టనివాటిని సరిచేయడమే సులువండీ, విప్పే పనుండదు."