గోతులు పూడ్చకండి, మావాడు పడిపోతాడు

1983 ఫిబ్రవరి, రెండో ఆదివారం, సాయంత్రం అయిదు గంటలు. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల దగ్గర యెషయా అనే కుర్రాడు మోటార్ సైకిల్‌తో సహా గొయ్యిలో పడ్డాడు. ఆ సమయంలో అతని మెడలో బంతిపూల దండ ఉంది. హ్యాండిల్‌కి తగిలించిన సంచిలో, ఒక్క పూట కూడా పాతబడని కప్పు ఉంది. మోటోక్రాస్ పోటీలో ఇచ్చింది.

ఈ సంఘటన మీద నేను విచారణ జరిపాను. ఒక నిర్ణయానికి వచ్చాను. కలకత్తాలోనూ హౌరాలోనూ గోతులు పూడ్చడం వెంటనే ఆపాలి!

నవ్వుతున్నారా? నవ్వండి. మీ ఊళ్ళో రోడ్లు బాగున్నట్టున్నాయి. అందుకే మీ ఊరి నుంచి ఒక్క మోటోక్రాస్ రైడరూ రాలేదు.

మోటోక్రాస్ అంటే తెలియనివారికి ఒక మాట. మట్టి గుట్టల మీద, గోతుల్లో, బురదలో మోటార్ సైకిళ్ళు తోలే పందెం. విదేశాల్లో దీనికోసం పొలం చూడాలి, ఇంజనీరుని పిలవాలి, బుల్డోజరు తేవాలి. మనకో? పొద్దున్నే తలుపు తీస్తే చాలు! నీళ్ళ పైపు కోసం ఒకరు తవ్వుతారు. టెలిఫోను తీగ కోసం ఇంకొకరు తవ్వుతారు. మొదటివారు ఏమైనా మర్చిపోయారేమోనని మూడోవారు తవ్వుతారు. నేనుండే భవానీపూర్‌లో భూమి కింద రైలు కోసం తవ్వుతున్నారు. ఎదురింటి పెద్దమనిషి రోడ్డు దాటి మా ఇంటికి వచ్చి చాలా కాలమైంది. క్షేమమేనని కిటికీలోంచి చెయ్యి ఊపుతాడు. ఇరుగుపొరుగుల మధ్య తగాదాలు తగ్గాయా లేదా?

ఇక సంత్రాగాఛి సంగతి. అక్కడి రైల్వే తెలుగువాళ్ళతో నాకు పాత పరిచయం. స్టేషను దాటాక పెద్ద రోడ్డు మలుపు నుంచి క్వార్టర్ల దాకా ఉన్న దారిని యెషయా తన ట్రాక్‌గా చేసుకున్నాడు. యెషయా రైల్వే యార్డులో ఫిట్టరు. పాత బండి ఒకటి కొని, మడ్‌గార్డులు పీకి, సైలెన్సరు పైకి వంచాడు. ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్ళు వంచి, గొయ్యి అంచున బండిని లేపి అవతలి అంచున దించడం నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడు అన్నది ఒక మాటలో అయిపోయింది. నిజానికి ఆ దారిలో అతని మోచేతి చర్మం పడని గొయ్యి లేదు.

ప్రతి గొయ్యికీ పేరు పెట్టాడు. మలుపులో ఉన్నది టెలిఫోను గొయ్యి. టీ కొట్టు ముందుది నీళ్ళ గొయ్యి. దుర్గాపూజ పందిరి గుంజల కోసం తీసిన చిన్న గోతుల వరస మీద బండి దడదడలాడుతూ పోయేది. టీ కొట్టు బెంచీ మీద కూర్చున్న బెంగాలీ బాబులు కప్పులు పైకెత్తి, "బాః దాదా! ఇంకోసారి!" అనేవారు. బంద్ రోజున బస్సులూ టాక్సీలూ ఉండవు కాబట్టి పగలంతా ప్రాక్టీసు. ఆ ఏడు బంద్‌లు బాగా జరిగాయి. కుర్రాడు బాగా ముందుకొచ్చాడు.

గోతులు పూడ్చాలని ఒకసారి ఊరేగింపు బయల్దేరింది. గోతుల వల్ల ముందుకి సాగలేదు.

అతని ప్రగతిని కొలిచింది వాళ్ళమ్మ డోర్కాస్. ఆమె పద్ధతి తేలిక. టికియాపారా బజారు నుంచి కోడిగుడ్లు తెమ్మనేది. సంచి హ్యాండిల్‌కి వేలాడుతూ రావాలి. వర్షాకాలంలో సంచి అడుగు నుంచి సొన కారేది. "ఏట్రా ఇది? గుడ్లు తెమ్మంటే అట్టు తెచ్చినావు!" అని ఆమె సంచిని అలాగే పెనం మీద వంచేది. పూజా సెలవులకి పెంకులు చిట్లడం దాకా వచ్చింది. క్రిస్మస్‌కి అన్ని గుడ్లూ గుడ్లుగానే వచ్చాయి. ఆమె వాటిని బల్ల మీద పెట్టి ఇరుగుపొరుగులని పిలిచి చూపించింది. ఆ రాత్రి ఆ ఇంట్లో కేకు చేశారు. చూశారా, గోతుల వల్ల ఒక కుటుంబంలో పండగ జరిగింది!

తండ్రి ఎలీయాజరు మాత్రం కేకు ముట్టలేదు. ఆయన గూడ్సు బండి డ్రైవరు. సర్వీసులో ఒక్క చక్రం పట్టా దిగలేదు. అలాంటివాడి కొడుకు రోజూ పట్టా దిగుతుంటే ఎలా ఉంటుంది? పైగా ఆయన తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద. ఆ సంఘంలో ఆదివారం ఆరాధన చివర సాక్ష్యాలు చెప్పే సమయం ఉంటుంది. జ్వరం తగ్గినవారు, బదిలీ ఆగినవారు లేచి నిలబడి చెప్తారు. అక్కడ అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆ సంఘంలో లేదు.

పోటీకి ముందు ఆదివారం ఎలీయాజరు లేచి నిలబడ్డాడు.

"సంఘం ముందర సెప్తన్నాను. మావోడు రేసుకెల్తన్నాడు. ఎల్లనీండి. కింద పడకుండా తిరిగొస్తే బండి ఉంటాది. పడినాడంటే మర్నాడే అమ్మీస్తాను. ఆమేన్."

సంఘం కూడా ఆమేన్ అంది. యెషయా అనలేదు.

ఇప్పుడు కుర్రాడికి గెలుపు ఒక్కటే సరిపోదు. పడకూడదు! మోటోక్రాస్‌లో పడకూడదు అంటే చేపల బజారులో వాసన చూడకూడదు అన్నట్టు. కానీ మనవాడికి భయం లేదు. ఎందుకు లేదు? గోతుల మధ్య పెరిగాడు కనుక!

పోటీ కలకత్తా దక్షిణాన, ఇటుక బట్టీల పక్క మైదానంలో. మిగతా రైడర్లు బండ్లని లారీల్లో తెచ్చుకున్నారు. ఒకతను టీ తోటల నుంచి మెకానిక్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. యెషయా తన బండి మీదే బయల్దేరాడు. హౌరా వంతెన దాటి, భవానీపూర్ తవ్వకాల పక్కన నా కిటికీకి చెయ్యి ఊపి, మధ్యాహ్నానికి చేరాడు. నేను వెనక టాక్సీలో వెళ్ళాను. ట్రాక్ దగ్గర జరిగింది కళ్ళారా చూశాను.

కుర్రాడు గుట్టలెక్కి, బురద దాటి, ఒక ఒడ్డు మీంచి ఎగిరి దిగి, నిర్వాహకుల బల్ల ముందు ఆగాడు.

"దాదా, పోటీ జరిగే చోటు ఎటు?" అని అడిగాడు.

బల్ల వెనక కూర్చున్న బెంగాలీ పెద్దమనిషి కళ్ళజోడు తీశాడు. "అరే బాబా, నువ్వు ఇప్పుడు చుట్టి వచ్చిందే ట్రాక్!"

"క్షమించండి దాదా. వచ్చే దారి అనుకున్నాను."

పాఠకులారా, ఇది శిక్షణ! ట్రాక్‌ని చూసి రోడ్డనుకునే రైడరుని ఏ దేశం తయారుచేయగలదు?

పోటీ మొదలైంది. టీ తోటల అతను మొదటి మలుపులో బురదలో కూర్చున్నాడు. ఇంకొకతని బండి గుట్ట ఇవతల, అతను గుట్ట అవతల దిగారు. యెషయా నిలబడి తోలాడు, కూర్చుని తోలాడు, ఒక చోట ఒంటి చేత్తో తోలుతూ రెండో చేత్తో ముఖం మీది బురద తుడుచుకున్నాడు. పడలేదు. మూడో స్థానంలో వచ్చాడు. కప్పు ఇచ్చారు. కప్పుతో దిగేటప్పుడు వేదిక మెట్టు ఊగింది. అప్పుడూ పడలేదు.

క్వార్టర్లకి ఈ వార్త టెలిఫోను లేకుండానే చేరింది. పోటీ చూడ్డానికి వెళ్ళిన యార్డు కుర్రాళ్ళు ముందు వచ్చి చెప్పారు. డోర్కాస్ పెద్ద రోడ్డు మలుపు దాకా వెళ్ళి కొడుకు మెడలో దండ వేసింది. నేను అక్కడే టాక్సీ దిగి ఆమె వెనకే నడిచాను.

రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ఎలీయాజరు ఆరాధన తర్వాత ఇంట్లో పడుకున్నాడు. కేకలకి లేచి గుమ్మంలోకి వచ్చాడు. దూరంగా మలుపులో కొడుకు బండి మీద ఉన్నాడు. ఒంటి మీద బురద ఉంది, దెబ్బ లేదు. ఎలీయాజరు లోపలికి వెళ్ళి, డ్యూటీ పెట్టె తెరిచి, పచ్చ జెండా తెచ్చాడు. రోడ్డు వైపు చూశాడు. ఇంటి ముందు రోడ్డు చదునుగా ఉంది. ఎన్నడూ లేనంత చదునుగా ఉంది. ఆయన జెండా ఊపాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఆ మధ్యాహ్నం క్వార్టర్ల జనం సగం పోటీకి, సగం నిద్రకి పోయిన వేళ, ఎవరో వచ్చి ఆ ఇంటి ముందు రోడ్డుకి అడ్డంగా తవ్వారు. అది మామూలే. మామూలు కానిది ఏమిటంటే, అదే పూట పూడ్చారు! వదులు మట్టి పోసి, పైన పారతో తట్టి, నీళ్ళు చల్లి వెళ్ళారు. ఎవరని అడిగాను. నీళ్ళవారు టెలిఫోనువారంటారు. టెలిఫోనువారు నీళ్ళవారంటారు.

యెషయా టెలిఫోను గొయ్యి దాటాడు. నీళ్ళ గొయ్యి దాటాడు. గుంజల గోతుల మీద దడదడలాడించాడు. టీ కొట్టు బెంచీ లేచి నిలబడింది. ఎదురుగా చదును. చదును అవతల నాన్న, నాన్న చేతిలో పచ్చ జెండా. తన జీవితంలో మొదటిసారి ఆ రోడ్డు మీద సీటులో సుఖంగా కూర్చున్నాడు.

ముందు చక్రం మట్టిలో దిగింది. బండి దిగింది. మనిషి దిగాడు.

ఎలీయాజరు జెండాతో సహా కొడుకు వైపు పరిగెత్తాడు. ఆయనా దిగాడు. కొడుక్కి గీత పడలేదు. తండ్రికి చీలమండ విరిగింది.

తర్వాత సంభాషణ గొయ్యిలోనే జరిగింది. నేను గట్టు మీద ఉన్నాను.

"బండి రేపు అమ్మీస్తాను" అన్నాడు ఎలీయాజరు కాలు పట్టుకుని.

"అదేటయ్యా!" అంది డోర్కాస్. "రేసులో పడనేదు కదా. రేసు అయిపోనాది కదా."

"షెడ్డులో సంతకం పెట్టేదాకా డ్రైవరు డ్యూటీ అవ్వదు. ఆడు ఇంటికి సేరనేదు. గుమ్మం ముందర పడినా పడినట్టే. సంఘం ముందర సెప్పీసినాను."

యెషయా కప్పులోని మట్టి గుమ్మరిస్తున్నాడు.

అప్పుడు పక్క క్వార్టరు దాలమ్మ ముందుకి వచ్చింది. శ్రీకాకుళం వైపు మనిషి. భర్త యార్డులో ఖలాసీ. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"ఏటి ఎలీయాజరన్నా, పడినోటిని అమ్మీయాలంటే నువ్వూ పడినావు కదేటి. నిన్నెవలికి అమ్మమంటావు? ఇరిగిన కాలుతో ఎవలు కొంటారు?"

జనం నవ్వారు. ఎలీయాజరు నవ్వలేదు.

"అదుండనీ. ఆడికి పచ్చ జెండా ఊపినోడెవలు?" అంది దాలమ్మ.

ఎలీయాజరు చేతిలోని జెండా చూసుకున్నాడు. అది అప్పటికీ పచ్చగానే ఉంది. రైల్వేలో ఇలాంటి ప్రశ్నకి ఒకటే జవాబు ఉంది. అది అక్కడున్న అందరికీ తెలుసు. చెప్పాల్సింది ఆయన.

"లైను సూడకుండా జెండా ఊపినోడిదే తప్పు" అన్నాడు. "బండి ఉంటాది. నన్ను లేపండి."

లేపారు. ఆంబులెన్సుకి కబురు వెళ్ళింది. ఆంబులెన్సు వచ్చింది కూడా. మలుపులో దాని ముందు చక్రం టెలిఫోను గొయ్యిలో దిగింది. రోగిని తీసుకెళ్ళడానికి వచ్చినవారినే పైకి లాగడానికి మనుషులు కావలసి వచ్చింది. ఆ దారి దాటించగల వాహనం ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. దాని హ్యాండిల్ కొద్దిగా వంకర పోయింది, అంతే.

ఎలీయాజరు ఆ బండి ఎక్కడం అదే మొదలు. కాలికి రెండు వెదురు బద్దలు కట్టి వెనక కూర్చోబెట్టారు. దారిలో జరిగిన మాటలు తండ్రీకొడుకులు నాకు వేరువేరుగా చెప్పారు. రెండింటికీ తేడా లేదు.

"కుడి పక్క గొయ్యుందిరా!"

"తెలుసు నానా."

"ఎడం పక్క!"

"తెలుసు నానా."

"అన్నీ తెలిస్తే మరి ఇందాక ఏటైందిరా?"

"పూడ్చినవి తెలీవు నానా."

అందుకే నా మనవి. తెరిచి ఉన్న గొయ్యి నిజాయితీ గలది. దాని లోతు మనకి కనిపిస్తుంది, దాని పేరు మనకి తెలుసు, చీకటిపడినా మన పాదమే దారి చెప్తుంది. దాని మీద పిల్లలు రైడర్లవుతారు, గుడ్లు గుడ్లుగా ఇల్లు చేరతాయి. ప్రమాదమంతా చదునులో ఉంది! అయ్యా, తవ్వేవారూ, తవ్వండి. ఎంత కావాలంటే అంత తవ్వండి. పూడ్చడం రానివారు పూడ్చవద్దు. రోడ్డు వేశామని చెప్పడానికి మీకు జెండాలు చాలా ఉన్నాయి. వాటిని ఊపే ముందు ఒకసారి మీరే ఆ రోడ్డు మీద నడవండి.

తర్వాత ఆదివారం ఎలీయాజరు కట్టు కాలితో, కొడుకు బండి మీద ఆరాధనకి వెళ్ళాడు. సాక్ష్యాల సమయంలో కుర్చీలో కూర్చునే మాట్లాడాడు. జెండా సంగతి చెప్పాడు. సంఘం ఆమేన్ అంది. ఈసారి యెషయా కూడా అన్నాడు.

నిన్న పొద్దున్న ఎవరో వచ్చి ఇంటి ముందు గొయ్యిలో మట్టి పోసి, పారతో తట్టి, నీళ్ళు చల్లి వెళ్ళారు. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి రోడ్డు చదునుగా ఉంది. ఎలీయాజరు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చేతిలో ఎర్ర జెండా ఉంది.