మనవాళ్ళున్న ఎయిర్‌పోర్టు

ముంబయిలో రెండో విమానాశ్రయం కట్టేముందు పామర్రులోని మా కుటుంబాన్ని ఎవరూ సంప్రదించలేదు. సంప్రదించి ఉంటే వద్దనేవాళ్ళం. ఊరికి ఒక ఎయిర్‌పోర్టు ఉంటే ప్రయాణం అవుతుంది. రెండుంటే పంచాయితీ అవుతుంది. ఇంత చిన్న సంగతి అంత పెద్ద ఇంజనీర్లకు తట్టకపోవడం విచారకరం.

మా రామకోటేశ్వరరావుకి పామర్రు సెంటర్లో మోటారు పంపుల షాపు ఉంది. ఆయన కూతురు వినీలకి ముంబయిలో ఒక పెద్ద కంపెనీ నుంచి ఆఖరి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. అంతకుముందు రౌండ్లన్నీ ఇంట్లో కూర్చునే కంప్యూటర్లో నెగ్గేసింది. దీనికి మాత్రం మనిషే స్వయంగా రావాలన్నారు. ఉదయం పదకొండుకి. ఆలస్యంగా వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వబోమని కూడా రాశారు. ఆ కంపెనీకి చుట్టాలెవరూ లేరని మాకు అప్పుడే అర్థమైంది.

"పాత ఎయిర్‌పోర్టులో దిగుతాను నాన్నా. ఆఫీసు అక్కడికి దగ్గరే. ఆటో ఎక్కితే అరగంట. తిరుమల కూడా అదే ఫ్లైటుకి వస్తోంది," అంది వినీల.

తిరుమల వినీలకి హాస్టల్లో రూమ్మేటు. కైకలూరు అవతల కొల్లేట్లో చేపల వ్యాపారం చేసే రాముడు గారి అమ్మాయి. ఆ పిల్లకీ అదే ఇంటర్వ్యూ. వాళ్ళ చేపలు కలకత్తా దాకా వెళతాయి గాని, ముంబయిలో వాళ్ళకి పలకరించే దిక్కు లేదు. అందుకే పాపం ఆటో గురించి ఆలోచించాల్సి వచ్చింది.

మాకా అవసరం లేదు. ఆటో అన్న మాటకి హాల్లో ఉన్నవాళ్ళందరూ వినీల వైపు తిరిగారు. నాయనమ్మ పద్మావతమ్మ గారు తమలపాకు పక్కన పెట్టేశారు.

"ఆటోనా? మనవాళ్ళు లేనట్టు?"

ఇక్కడ తెలియనివాళ్ళ కోసం ఒక మాట. మా ప్రాంతంలో మనిషి ఊరికి వెళ్ళడు. మనవాళ్ళ దగ్గరికి వెళతాడు. ఊరు దారిలో తగులుతుంది.

ముంబయిలో మనవాళ్ళు ఇద్దరు. వినీల బాబాయి లక్ష్మీకాంత్ ఉండేది అంధేరీలో, పాత ఎయిర్‌పోర్టు పక్కన. మేనమామ దుర్గాప్రసాద్ ఉండేది ఖార్‌ఘర్‌లో, కొత్త ఎయిర్‌పోర్టు దగ్గర. ఇద్దరూ బంగారం లాంటి మనుషులు. కాకపోతే పదకొండేళ్ళుగా మాట్లాడుకోరు. వినీల ఓణీల ఫంక్షన్లో తీసిన ఫోటోలో దుర్గాప్రసాద్ భుజం అడ్డొచ్చి లక్ష్మీకాంత్ సగమే పడ్డాడు. మిగతా సగం కోసం ఆయన చేస్తున్న న్యాయపోరాటం నేటికీ నడుస్తోంది.

ఇప్పుడు సమస్య మీకే అర్థమై ఉంటుంది. పాత ఎయిర్‌పోర్టులో దిగితే మేనమామ అలుగుతాడు. కొత్త ఎయిర్‌పోర్టులో దిగితే బాబాయి అలుగుతాడు. అలక అంటే కోపం అనుకునేరు. కోపం రెండు రోజుల్లో దిగిపోతుంది. అలకని తర్వాతి తరానికి అప్పగిస్తారు.

"మేనమామ ఉండగా పిల్ల ఇంకెక్కడో దిగడమేంటండీ?" అంది తల్లి శ్రీదుర్గ.

"బాబాయంటే తండ్రి తర్వాత తండ్రి," అన్నారు అత్తగారు, కోడలి వైపు చూడకుండా.

రామకోటేశ్వరరావు ఫ్యాన్ వైపు చూశాడు. ఇలాంటప్పుడు ఆయన చూసేది దానివైపే.

చివరికి గుణదల నుంచి వెంకటకృష్ణారావు గారిని కారు పంపి రప్పించారు. ఆయన వరసకి వినీలకి తాతయ్య, మాజీ సొసైటీ ప్రెసిడెంటు. కాలవ నీళ్ళ తగాదాల్ని ఇరుపక్షాలకీ నీళ్ళు రాకుండా పరిష్కరించిన అనుభవం ఉంది. కాఫీ తాగి, కండువా సర్దుకుని, లేచి నిలబడ్డారు.

"సోదర సోదరీమణులారా! కుటుంబం అన్నాక సమన్యాయం ఉండాలి. దిగడం మేనమామ దగ్గర. తినడం బాబాయి దగ్గర. ఇంటర్వ్యూ అంటారా, అది దారిలో చూసుకోవచ్చు."

హాలు చప్పట్లతో మారుమోగింది. వినీల ఫోన్లో మ్యాపు తెరిచి, ఖార్‌ఘర్ ఒక చివర, అంధేరీ ఇంకో చివర, ఆఫీసు మధ్యలో అని చూపించబోయింది. వెంకటకృష్ణారావు గారు ఆ ఫోనుని ఆప్యాయంగా పక్కకి నెట్టారు.

"మ్యాపులో రోడ్లుంటాయమ్మా. మర్యాదలుండవు."

తిరుమల పాత ఎయిర్‌పోర్టుకే టికెట్ తీసుకుంది. వినీలకి కొత్త ఎయిర్‌పోర్టుకి వెళ్ళే వేరే విమానంలో టికెట్ తీశారు.

గన్నవరంలో సాగనంపడానికి మూడు కార్లలో వెళ్ళాం. కంకిపాడు దగ్గర మలుపు తిరిగితే దగ్గర. కానీ బెంజ్ సర్కిల్ దగ్గరున్న పెద్దత్తయ్యకి చెప్పకుండా వెళితే బాగుండదని బెజవాడ మీదుగా వెళ్ళాం. ఆవిడ కాఫీ ఇచ్చింది. విమానం కూడా దొరికింది. మర్యాదకి మర్యాద, ప్రయాణానికి ప్రయాణం. వినీల మాత్రం ఎందుకో అప్పటికే చెమటలు తుడుచుకుంటోంది.

విమానం సకాలంలోనే దిగింది. ఈ కథలో సకాలంలో జరిగింది అదొక్కటే.

దుర్గాప్రసాద్ మేనకోడలికి పూలగుత్తి ఇచ్చి, కారెక్కించి, అంధేరీ వైపు పోనిచ్చాడు. వంతెనలు దాటారు. ట్రాఫిక్‌లో నిలబడ్డారు. పది దాటాక, ఎడమ పక్క నీలం అద్దాల భవనం ఒకటి కనిపించింది. వినీల సీటులోంచి లేచినంత పని చేసింది.

"మావయ్యా, ఇదే ఆఫీసు! ఇక్కడే ఆపండి!"

"తప్పమ్మా," అన్నాడు దుర్గాప్రసాద్, బ్రేకు మీద కాలు కూడా పెట్టకుండా.

"మావయ్యా, ఇంటర్వ్యూ ఇక్కడే!"

"ఇంటర్వ్యూ ఎక్కడికి పోతుంది? అక్కడ మీ బాబాయి ఇడ్లీ పెట్టుకుని కూర్చున్నాడు. నిన్ను టిఫినుకి దించలేదనుకో, 'చూశారా వాడి బుద్ధి' అని జీవితాంతం చెప్పుకుంటాడు. ఆ మాట నేను పడను."

శత్రువు ఇంటి ఇడ్లీ చల్లారకూడదని ఇంత తాపత్రయపడే శత్రువు మీకు ఇంకే నాగరికతలో కనిపిస్తాడు? నీలం భవనం వెనక్కి వెళ్ళిపోయింది.

లక్ష్మీకాంత్ ఉండేది ఏడో అంతస్తులో. దుర్గాప్రసాద్ కారు దిగలేదు. వినీల ఒక్కతే పైకెళ్ళి, నిలబడే ఒక ఇడ్లీ నోట్లో పెట్టుకుంది.

"కింద కార్లోనే కూర్చున్నాడా?" అన్నాడు లక్ష్మీకాంత్. "గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోతే నలుగురూ నన్నంటారు. పైకి రమ్మను."

వినీల లిఫ్టులో కిందకి దిగింది.

"పిలవని పేరంటానికి నేను రాను," అన్నాడు దుర్గాప్రసాద్. "ఆయన్నే దిగొచ్చి పిలవమను."

వినీల పైకెక్కింది.

"నేను దిగాలా? ఫోటోలో నన్ను సగం చేసిన మనిషి కోసం ఏడంతస్తులు దిగాలా?"

"బాబాయ్, నాకు టైమవుతోంది!"

"అందుకే తొందరగా వెళ్ళి చెప్పమ్మా."

కాసేపటికి లిఫ్టు కూడా విసిగిపోయి ఆగిపోయింది. వినీల మెట్లు దిగుతూ మూడో అంతస్తులో కూలబడి, వాచీ చూసుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు విని పైనుంచి బాబాయి, కిందనుంచి మేనమామ పరుగెత్తుకొచ్చారు. పిల్లకి అటొకరు ఇటొకరు నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు.

"పిల్ల మన గురించి ఏడుస్తోంది బావా!" అన్నాడు లక్ష్మీకాంత్.

"మనం మనుషులమేనా బావా!" అన్నాడు దుర్గాప్రసాద్.

మూడో అంతస్తు కాబట్టి ఎవరి గడపా ఎవరూ తొక్కినట్టు కాలేదు. ఇద్దరూ కావలించుకున్నారు. పామర్రుకి వీడియో కాల్ చేశారు. పద్మావతమ్మ గారు కళ్ళొత్తుకున్నారు. రామకోటేశ్వరరావు పదకొండేళ్ళలో మొదటిసారి ఫ్యాన్ మీంచి చూపు దించాడు. ఇద్దరూ పూర్తిగా పడేలా కొత్త ఫోటో తీయమన్నారు. తీసింది వినీలే. ఎవరి భుజమూ ఎవరికీ అడ్డు రాకుండా పడేసరికి మూడుసార్లు తీయాల్సి వచ్చింది.

ఆమె నీలం భవనం చేరేసరికి పన్నెండున్నర. గేటు దగ్గరే తిప్పి పంపేశారు.

"ఇంటర్వ్యూ పోయింది నాన్నా," అంది ఫోన్లో.

"పోతే పోయిందమ్మా. మనుషులు కలిశారు," అన్నాడు తండ్రి. ఆయన వెనక స్వీట్లు పంచుతున్న చప్పుడు వినిపించింది.

ప్రయాణం దిగ్విజయంగా ముగిసినందుకు ఆ ఆదివారం సమీక్షా సమావేశం జరిపాం. అప్పుడే కబురు తెలిసింది. తిరుమలకి ఉద్యోగం వచ్చిందట. పాత ఎయిర్‌పోర్టులో దిగి, ఆటో ఎక్కి, రోడ్డు మీద వడా పావ్ తిని, అందరికంటే ముందు వెళ్ళి కూర్చుందట.

"అక్కడ వాళ్ళకి ఎవరూ లేరుగా, మరి ఎలా వచ్చింది?" అంది శ్రీదుర్గ.

"పైనుంచి రికమెండేషన్ ఉండే ఉంటుంది," అన్నారు వెంకటకృష్ణారావు గారు. "ఎవరూ లేకుండా ఉద్యోగాలెలా వస్తాయమ్మా?"

"ఎవరూ లేరు కాబట్టే వచ్చింది తాతయ్యా," అంది వినీల.

అందరం హాయిగా నవ్వుకున్నాం. పిల్లకి హాస్యం బాగా అబ్బింది.

అయితే ఈ అనుభవం నుంచి మేము పాఠం నేర్చుకోలేదని ఎవరూ అనకూడదు. శాశ్వత పరిష్కారం కోసం సభ ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేసింది. ఆ మేరకు మీ అందరికీ మనవి. మీకు తెలిసినవాళ్ళలో, ముంబయి రెండు ఎయిర్‌పోర్టులకీ సరిగ్గా మధ్యలో సొంత ఫ్లాటున్న కుర్రాడెవరైనా ఉంటే చెప్పండి. చదువూ, గుణమూ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఇంటి లొకేషన్ పంపండి.

అమ్మాయి ప్రస్తుతం ఖాళీగానే ఉంది. ఆ ఏర్పాటు మేమే చేశాం.