కట్టయ్య చావు సీను

ఆదివారం పొద్దున్నే కట్టయ్య హన్మకొండ బస్టాండులో పరకాల బస్సు కోసం ఎదురు చూస్తున్నాడు. అందులో అత్తగారు సమ్మమ్మ, ఆమె వెంట వాడకట్టు ఆడవాళ్లు నలుగురు దిగాలి. సాయంత్రం నాటికల పోటీలో కట్టయ్య చనిపోతాడు. వాళ్లు ఏడవాలి. ఇదీ ప్లాను.

కరెంటాఫీసు గుమాస్తా అయిన కట్టయ్య రెండేళ్లుగా తన నాటికలో ఎండిన పొలం గట్టు మీద ప్రాణం వదులుతున్నాడు. రెండేళ్లూ అతను కన్ను మూయగానే జనం పడీ పడీ నవ్వారు. పైగా ఆ పోటీల్లో ఒక ఆనవాయితీ ఉంది. చివర్లో ప్రేక్షకుల చేతికి మైకిచ్చి అభిప్రాయం చెప్పమంటారు. పోయినేడు ఒకాయన లేచి "సావు సీనుకు మస్తు నవ్వొచ్చింది" అని చెప్పి కూర్చున్నాడు. చావులో నవ్వడానికి ఏముంది? ఇది కిషన్ రావు పనే. హాస్య నాటికలు వేసే ఆ ఎదుటి జట్టు నాయకుడు తన మనుషుల్ని హాల్లో కూర్చోబెట్టి నవ్విస్తున్నాడని కట్టయ్యకు గట్టి అనుమానం. రుజువు మాత్రం లేదు. కళ్లు మూసుకుని పడి ఉన్నవాడికి రుజువు ఎలా దొరుకుతుంది?

ఈసారి అటో ఇటో తేలాలి. ఎందుకంటే భార్య భారతి ఖరాఖండీగా చెప్పేసింది. "ఈయేడు గూడ కప్పు రాకపోతె నీ రంగుల డబ్బల చింతపండు పోస్త. మల్ల నాటకమన్న మాటెత్తద్దు." వాడకట్టుకు ఒక్క టీవీ కూడా లేని ఆ రోజుల్లో, నాటకం లేని సాయంత్రాలు తలుచుకుంటేనే కట్టయ్యకు గుండె జారిపోయింది.

బస్సు దిగిన సమ్మమ్మను పక్కకు తీసుకుపోయి, చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "అత్తా, జర యాదుంచుకో. స్టేజి మీద మనిషి సచ్చి పడంగనే మనోడే అనుకోని ఏడ్వాలె."

"ఏడ్సుడు గూడ నాకు నేర్పుతవా అల్లుడా? నేను శోకం దీస్తె పక్కూరోళ్లు గూడ లేచొస్తరు. ఫికర్ జెయ్యకు."

సాయంత్రం చీటీలు తీస్తే కట్టయ్య నాటికే మొదటిది. అయితే అతని భార్య వేషం వెయ్యాల్సిన నటి ఎక్కిన రైలు ఇంకా ఖాజీపేట చేరలేదు. నిర్వాహకులు కిషన్ రావు నాటికను ముందుకు జరిపారు. ఆ సంగతి అత్తకు చెబుదామని కట్టయ్య తెర దాకా వెళ్లాడు. అక్కడ మీసం అతికించుకుంటున్న కిషన్ రావు అద్దంలోంచి తనవైపే చూస్తున్నట్టు అనిపించింది. ఇప్పుడు జనంలోకి పోతే ఏడ్చేవాళ్లెవరో పసిగట్టేస్తాడు. అయినా హాస్య నాటికలో ఎవరు చస్తారు? కట్టయ్య వెనక్కి తిరిగి వెళ్లి రంగు పూసుకోవడానికి కూర్చున్నాడు.

కిషన్ రావే చచ్చాడు. అత్తగారు ఇంటికొస్తోందని తెలిసి, ఆమెను తప్పించుకోవడానికి అల్లుడు చచ్చినట్టు నటించడమే ఆ నాటిక కథ. అతను గుడ్డ కప్పుకుని పడుకున్నాడో లేదో, ముందు వరుసలోంచి సమ్మమ్మ లేచింది.

"ఓ నా బంగారి కొడుకా! ఎవ్వల చేతుల వెట్టి పోతివి కొడుకా! నీ చెప్పులు గడపల్నే ఉండె కొడుకా!"

అయిదుగురూ స్టేజి ఎక్కి అతని కాళ్లు పట్టుకున్నారు. లెక్క ప్రకారం కిషన్ రావు చటుక్కున లేచి కూర్చుని జనాన్ని నవ్వించాలి. కాని బతికి ఉండగా తన గురించి ఇన్ని మంచి మాటలు అతను ఎన్నడూ వినలేదు. లేవబుద్ధి కాలేదు. మూసిన కళ్లలోంచి నీళ్లు కారాయి. అది చూసి హాలంతా ముక్కు చీదింది. చివరకు తెర దించాల్సి వచ్చింది.

లోపల ఆ ఏడుపు విన్న కట్టయ్యకు ఒళ్లు మండింది. అత్తను కూడా కొనేశాడా? బయటికి ఉరికాడు. హాలు వెనక నల్లా దగ్గర ఆడవాళ్లు నిండా స్నానాలు చేసి కొంగులు పిండుకుంటున్నారు.

"ఏం పని జేసినవత్తా! సచ్చేది నేను, ఆయన గాదు!"

"మనిషి పడంగనే ఏడ్వమంటివి. ఏడ్సినం."

"అయితె మల్ల ఏడువుండ్రి. నా సావు ఇంక ఉన్నది!"

"సావుకు ఏడ్సి తానం జేసినంక మల్ల ఏడుస్తరా? అరిష్టం. ముందుగాల్నే చెప్తె తానం ఆపుకుందుము గద అల్లుడా!"

ఆలోగా నటి వచ్చింది, నాటిక మొదలైంది, కట్టయ్య గట్టు మీద ప్రాణం వదిలాడు. తెల్లగుడ్డ కప్పారు. తర్వాత ఎక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. కిషన్ రావు మనుషులే! ఈసారి వదలకూడదని కట్టయ్య ఎడమ కన్ను కొద్దిగా తెరిచాడు. హాలు గొల్లున నవ్వింది. ఎవరా అని రెండో కన్నూ తెరిచాడు. కుర్చీలు కదిలిపోయాయి. మెడ ఎత్తి చూస్తే ముందు వరుసలో తడి చీరతో సమ్మమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతూ నవ్వుతోంది. పక్కన భారతి కూడా. వాళ్ల చూపు ఎక్కడుందో తనూ అక్కడే చూశాడు. గుడ్డ కింద తన బొజ్జ కొలిమి తిత్తిలా లేచి దిగుతోంది. రెండేళ్లూ నవ్వించింది ఈ బొజ్జే. ఎవరూ ఎవరినీ కూర్చోబెట్టలేదు. కట్టయ్యకు నిజంగానే చావాలనిపించింది.

న్యాయనిర్ణేతలు చాలాసేపు గుసగుసలాడుకుని ఫలితాలు చెప్పారు. కంటతడి పెట్టించిన ఉత్తమ నటుడు కిషన్ రావు. ఉత్తమ హాస్యనటుడు కట్టయ్య. కప్పు చేతికొచ్చింది, చింతపండు గండం గడిచింది. కిషన్ రావు తన కప్పు చంకలో పెట్టుకుని దగ్గరికి వచ్చాడు. "నిజం చెప్పు కట్టయ్యా, నా కామెడీ ఖరాబు జేసెటందుకే తెచ్చినవు గద ఆ ఆడోళ్లను?" కట్టయ్య ఎంత ఒట్టేసినా అతను నమ్మలేదు.

అంతలో మైకు సమ్మమ్మ చేతికి పోయింది. "ముందటాయన మంచిగ సచ్చిండు. నాకు పానం తరుక్కపోయింది. మా అల్లునికే ఇంక సచ్చుడు వస్తలేదు. మెల్లగ నేర్సుకుంటడు తియ్యి."

హాలు చప్పట్లతో మారుమోగింది. ఆ మాట ఆమెతో ఎవరు చెప్పించి ఉంటారా అని కట్టయ్య భారతి వైపు అనుమానంగా చూశాడు.