రక్తం నార్మలండీ

మోకాలి చిప్ప తీయించుకున్న పదో రోజు ఉదయాన గంగరాజు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఇడ్లీ తినడం, పడవెక్కడం, ఇంటికి పోవడం. కొల్లేటి అవతలి ఒడ్డున, కైకలూరు పక్కన, అతని నారుమళ్ళు ఊడ్పులకు సిద్ధంగా ఉన్నాయి. ఎనిమిదెకరాలకు అదే నారు. అది పోతే ఈ ఏడాదికి పంట లేనట్టే. కనిపెట్టి చూడమని తమ్ముడు అంకయ్యకు అప్పగించి వచ్చాడు గాని, అంకయ్య పగటి నిద్రలో ఆరితేరినవాడు. అందుకే ఏలూరు నర్సింగుహోములో పడుకున్న గంగరాజుకు మోకాలి నొప్పికంటే నారు బెంగే ఎక్కువగా ఉంది.

ఇడ్లీ తినడం వరకు ప్లాను సాగింది. అంతలో డాక్టర్ ఈశ్వరప్రసాద్ సూదితో వచ్చాడు.

"మళ్ళీ రక్తమా అండీ? మూడుసార్లు తీశారు, మూడుసార్లూ బాగుందన్నారు. బాగున్నదానికి పరీక్ష ఎందుకండీ?"

"ఆపరేషన్ అయినవాళ్ళందరికీ చేస్తామండి. లోపల చీము పడితే పైకి కనపడకముందే రక్తం చెప్పేస్తుంది. నూటికి తొంభై తొమ్మిదిసార్లు ఏమీ ఉండదు. ఆ ఒక్కసారి కోసమే ఇదంతా."

"ఆ ఒక్కసారి వచ్చేసరికి నాలో రక్తం మిగలాలి కదండీ," అని గొణుక్కుంటూ గంగరాజు చెయ్యి చాపాడు.

గంట తరవాత డాక్టరు తొంగిచూసి, "నార్మల్! ఎల్లుండి వెళ్ళొచ్చు," అన్నాడు. గంగరాజు భార్య సుబ్బాయమ్మకు ఆ ఇంగ్లీషు మాట తెగ నచ్చింది. చేపలు అమ్ముకుని ఊరికి తిరిగి వెళుతూ పలకరించడానికి వచ్చిన ముత్యాలరాజును పట్టుకుంది.

"మా మరిదితో రక్తం నార్మల్ అని చెప్పు. డాక్టరుగారి మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. సొంతం కలపకు."

"అలాగేనండీ."

ముత్యాలరాజు నమ్మకస్తుడు. అదే కొంప ముంచింది. దోనెలో గెడ వేస్తూ కొల్లేరు పొడవునా ఆ మాటే వల్లించుకున్నాడు. మధ్యాహ్నం ఊరి రేవు దగ్గరకు వచ్చేసరికి ఎదురుగాలి. దోనె ఆపకుండానే, అరుగు మీద కునుకు తీస్తున్న అంకయ్యకు కేకేశాడు.

"అంకయ్యగారూ! రక్తం నార్మలండీ!"

అంకయ్య ఉలిక్కిపడి లేచాడు. "ఎక్కడా? నారుమళ్ళలోనా?"

"అవునండీ, నార్మలే!" అని ముత్యాలరాజు తన దారిన పోయాడు.

పుట్టి బుద్ధెరిగాక అంకయ్య నార్మల్ అనే మాట విని ఎరగడు. పక్క మళ్ళ అబ్బాయిరాజు పోయిన ఏడాది నీటి వంతు దగ్గర "నీ రక్తం కళ్ళజూస్తానండీ" అన్న మాట మాత్రం బాగా గుర్తుంది.

"నారుమళ్ళలో రక్తం! నరికేశారర్రోయ్!"

ఎవరిని నరికారో ఎవరూ అడగలేదు. వీధి మొదట్లో ఒక్కడు పడిపోయాడన్నారు. వీధి చివరకు వచ్చేసరికి నలుగురయ్యారు. ముప్పైమంది కర్రలతో బయలుదేరారు. అంకయ్య భార్య నాంచారమ్మ రోకలి పట్టుకుంది. తన పొలం వైపు వస్తున్న ఆ దండును చూసి, అబ్బాయిరాజు కూడా ఇరవైమందిని కర్రలతో పోగేశాడు. రెండు పక్షాలూ నారుమడి గట్టు మీద ఎదురుపడ్డాయి.

"ఎవరిని చంపారండీ?" అన్నాడు అంకయ్య, రొప్పుతూ.

"నేనా? చంపడానికి వచ్చింది తమరు కాదటండీ?"

ఆ అండీలతోనే కర్రలు లేచేవి. ఇంతలో నాంచారమ్మ పెద్దగా అరిచింది.

"ఏవండీ! రక్తం సంగతి తరవాత. కాళ్ళ కింద నీళ్ళు చూడండి!"

ఎగువ వానలకు కొల్లేరు పొంగి ఉంది. ఎండ్రకాయలు తొలిచిన చోట గట్టు తెగి, నీళ్ళు బుసబుసా మడిలోకి వస్తున్నాయి. అప్పటికే నారు కొసలు మాత్రమే కనబడుతున్నాయి. ఇది నిండితే తరవాతి మడి అబ్బాయిరాజుదే. ఈసారి నీటి వంతు అడక్కుండానే తన దగ్గరకు వస్తోందని అతనికి అర్థమైంది.

"చూస్తారేంటండీ, కర్రలు దిగెయ్యండి!" అన్నాడు.

యాభై కర్రలూ గండిలో గుంజలయ్యాయి. నడిమి గుంజ నాంచారమ్మ రోకలి. గడ్డి కుక్కి, మట్టి తొక్కి, పొద్దుగూకే వేళకు గండి పూడ్చేశారు. నీళ్ళు తోడేసరికి నారు నిక్షేపంలా నిలబడింది. ఒకరి తలపాగా ఒకరు గాలిలోకి ఎగరేసి, రెండు పక్షాలూ కలిసి ఊళ్ళోకి ఊరేగింపుగా వచ్చాయి. ఏ రక్తం కోసం వెళ్ళారో ఎవరికీ గుర్తే లేదు.

మర్నాడు ముత్యాలరాజు దోనెలోనే అంకయ్య ఏలూరు వచ్చి జరిగిందంతా చెప్పాడు. "ఇంకో గంటయితే గింజ దక్కేది కాదు అన్నయ్యా." గంగరాజుకు కళ్ళు చెమ్మగిల్లాయి. డాక్టరును పిలిపించి, తానే చెయ్యి చాపాడు.

"తీసుకోండి డాక్టరుగారూ, ఎంత కావాలంటే అంత తీసుకోండి. ఆ ఒక్కసారి అన్నారు చూడండి, అది నిన్న వచ్చేసిందండీ!"

డాక్టరు హడలిపోయి, మోకాలు నొక్కి చూసి, రక్తం తీసి, పరీక్ష చేసి, మళ్ళీ నార్మలే అన్నాడు.

కబురేమైనా ఉందా అండీ అంటూ గుమ్మంలో నిలబడ్డ ముత్యాలరాజుతో సుబ్బాయమ్మ ఈసారి, "బాగుందని చెప్పు," అంది.